క్రైస్తవశబ్దార్థము — పురుషోత్తమ చౌదరి కీర్తనములందలి యాత్మపరీక్ష

క్రైస్తవశబ్దము తెనుఁగున నేఁడు సర్వసాధారణము. విష్ణుశబ్దముమీఁద అణ్‌ప్రత్యయము చేరఁగా ఆదివృద్ధియు, ఉకారమునకు గుణావాదేశములును గలిగి వైష్ణవశబ్ద మెట్లేర్పడునో, క్రీస్తుశబ్దముమీఁదను అట్లే ప్రత్యయము చేరి క్రైస్తవశబ్ద మేర్పడినది. పరదేశమునుండి వచ్చిన నామమునకుఁ బాణినీయప్రక్రియ యింత చక్కఁగా నతికిన యుదాహరణములు మనభాషలో నరుదు. కావున రూపమున వివాదము లేదు. వివాదమెల్ల నర్థమున నున్నది. ఆ ప్రత్యయము అపత్యార్థమునను వచ్చును. 'అతనికి సంబంధించినది' యను సంబంధమాత్రమునను వచ్చును. 'అతనియందు భక్తి గలవాఁడు' అను నర్థమునను వచ్చును. ఒకనిని క్రైస్తవుఁ డన్నప్పుడు, అతఁడు క్రైస్తవకుటుంబమునఁ బుట్టినవాఁడని చెప్పినట్లా, సంఘపు పట్టికలోఁ బేరున్నవాఁడని చెప్పినట్లా, క్రీస్తునందు నిజమైన భక్తి గలవాఁడని చెప్పినట్లా యని సంశయము కలుగుచున్నది.

వాసుదేవశబ్దమున నీ చిక్కు లేదు. వసుదేవుని కుమారుఁడు వాసుదేవుఁడు. వాసుదేవునియందు భక్తి గలవాఁడు వాసుదేవకుఁడు. భక్త్యర్థమునకుఁ బాణిని యచ్చట వేఱుప్రత్యయమును విధించెను గాన, పుట్టుకకును భక్తికిని రూపమునందే భేదము తెలియును. క్రైస్తవశబ్దమున కట్టి భేదము లేదు. పుట్టుక చేతను, పట్టిక చేతను, భక్తి చేతను వచ్చిన మువ్వురకు నొకటే పేరు. ఆ పేరు గలవాఁడు తా నే యర్థమున నా పేరు ధరించియున్నాఁడో తానే విచారించుకొనవలసియుండును. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక చివర, ఇతరుల యధికారమును బరీక్షింపఁబూనినవారిని, ముందుగాఁ దమ విశ్వాసమునే పరీక్షించుకొనుఁడని మరలించిన తావు ప్రసిద్ధము. ఆ యుపదేశము తెనుఁగు సాహిత్యమున నెట్లు ప్రతిఫలించినదో, అందు నిజవిశ్వాసమునకును బైపూతకును భేదము చూపు గుఱుతు లేవియో నిరూపించుట యీ వ్యాసమునకు విషయము. నిదర్శనమునకుఁ గళింగాంధ్రపు కవి పురుషోత్తమ చౌదరి రచనలు గ్రహింపఁబడుచున్నవి.

ఈ మండలమునఁ బ్రొటెస్టంటు క్రైస్తవవాఙ్మయము విశాఖపట్టణమునఁ బ్రారంభమైనది. 1805వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారి పక్షమున జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజిసు అనువా రచ్చటికి వచ్చి తెనుఁగు నేర్చి సువార్తల ననువదింప మొదలిడిరి. ఆనందరాయరను బ్రాహ్మణక్రైస్తవుఁడు వారికిఁ దోడుపడెను. క్రాను 1809లోను, డెగ్రాంజిసు 1810లోను గతించిరి. వారి కృషిఫలమైన మూఁడు సువార్తలు 1812లో సేరంపూరున నచ్చుపడినవి. ఎడ్వర్డు ప్రిచెట్టు సంపూర్ణమొనర్చిన క్రొత్తనిబంధన 1818లో మద్రాసున వెలువడినది. విజయనగరమున నీ సంఘమువారు 1852లో నివాస మేర్పఱచుకొనిరి. అదే పట్టణమున 1860లో మహారాజావారి సంస్కృతవిద్యాలయము వెలసినది. తాతా సుబ్బరాయశాస్త్రిగారివంటి మహావైయాకరణులు వెలసిన పట్టణమది. ఒకయూరనే, ఒక్క తరముననే, ఒకచోట శబ్దముయొక్క సాధుత్వమును, ఒకచోట విశ్వాసముయొక్క సాధుత్వమును విచారింపఁబడుచుండెను. ఆ రెండు విచారములును గలిసినచోటు చౌదరి కీర్తనము.

పురుషోత్తమ చౌదరి 1803లోఁ బర్లాకిమిడి ప్రాంతమందలి మదనపురమున జన్మించెను. పర్లాకిమిడి నాఁడు గంజాముమండలములోనిది. 1936లో నొరిస్సా ప్రత్యేకరాష్ట్రమైనపు డందుఁ జేరినది. అతని కుటుంబము వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణకుటుంబము, పెంపకము వైష్ణవము. అతఁడు 1833లో బాప్తిస్మము పొంది, శ్రీకాకుళము, బరంపురము మొదలగుచోట్ల బోధకుఁడై మెలఁగి, 1890లో గతించెను. నూటికి మించిన కీర్తనములును, శతకాది పద్యకృతులును, కులాచారపరీక్ష మొదలగు చిన్నపొత్తములును రచించెను. అతని కీర్తనములు 'ఆంధ్రక్రైస్తవకీర్తనలు' అను సంపుటమునఁ జేరి, శాఖాభేదము లేక తెనుఁగు దేవాలయములందెల్ల నేఁటికిని బాడఁబడుచున్నవి.

ఇట్టివాని విశ్వాసమునుగూర్చి రెండు పూర్వపక్షములు సంభవించును. మొదటిది స్వదేశీయులది: మతాంతరము జీవికకొఱ కనునది. రెండవది క్రైస్తవులలోనే కొందఱిది: 'నాథ, శరణు, త్రాహి, పాదము' మున్నగు వైష్ణవపరిభాష నతఁడు విడువలేదు గనుక, మార్పు పేరున మాత్రమేకాని హృదయమునఁ గాదనునది. ఒకరు పొట్టను జూచి యనుమానింపఁగా, నొకరు నోటిని జూచి యనుమానించిరి.

మొదటి దానికి సమాధానముగా, బ్రాహ్మణుఁడు మతాంతరము పొందినచో బంధుత్వమును, గౌరవమును బోఁగొట్టుకొనును, లాభమేమి యని చెప్పుట కలదు. ఇది బలమైన మాటయేకాని చాలినమాట కాదు. నష్టము పొందుట నిష్కాపట్యమునకుఁ గొంత సూచకము. కాని పొందిన నష్టమే పిదప నొక యాభరణమై, 'నే నింత విడిచితిని' అను గర్వమునకు మూలము కావచ్చును. లాభనష్టముల గణనచేతఁ బరులు చేయఁగల పరీక్షకుఁ బరిమితి యెంతయో యొక చరిత్ర చెప్పుచున్నది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును బీడించిన క్షామమున, ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు బోధకుఁడు జాను క్లౌ బకింగ్‌హాము కాలువలో నొకభాగమును గుత్తకుఁ దీసికొని ఆకలిగొన్నవారిచేఁ ద్రవ్వించెను. ఆ కాలమున బాప్తిస్మ మడిగినవారు వేలసంఖ్య నుండినను, అన్నమునకై యడుగుదురేమో యను శంకచే నతఁడు బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయము ముగిసినపిమ్మటఁ గాని యంగీకరింపలేదు. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ చేసినది న్యాయమైన పరీక్ష. ఉపాధిని దొలఁగించి సాధ్యమును జూచు తార్కికుని పద్ధతి యది. ఐనను ఆ పరీక్ష 'అన్నమునకై వచ్చినవారు కారు' అని వ్యతిరేకముఖమునఁ దేల్చును. 'దేనికై వచ్చిరి' అని యన్వయముఖమునఁ దేల్పఁజాలదు. ఆ శేషము నెవరికివారే తేల్చుకొనవలయును.

రెండవ పూర్వపక్షము శబ్దవిషయమగుటచే సాహిత్యవిమర్శకు లోఁబడును. చౌదరి కీర్తనములలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'త్రాహిమాం క్రీస్తు నాథ' అనునది. ఆ మొదటిమాటనే చూచినచో, వైయాకరణున కొక యాక్షేపము తోఁపక మానదు. త్రైధాతువు ఙిత్తగుటచే నాత్మనేపది; లోణ్మధ్యమపురుషైకవచనమున 'త్రాయస్వ' యని యుండవలెను. 'త్రాహి' యనునది, రక్షణార్థకమైన పాధాతువున కేర్పడు 'పాహి' యను రూపమును బోలి, యార్షముగా నితిహాసపురాణములందును స్తోత్రములందును వ్యాపించినది. పాండిత్యప్రదర్శనమే కవికి లక్ష్యమైనచో సాధురూపమును దెచ్చియుండెడివాఁడు. అతఁడు తీసికొన్నది శాస్త్రమునుండి కాదు, దేవాలయపు వాకిట మొఱపెట్టు జనుల నోటనుండి. ఏటఁ గొట్టుకొనిపోవువాఁడు పదవ్యవస్థ విచారింపఁడు. శ్రీకూర్మముననో సింహాచలముననో నిలుచున్న పామరుఁ డాపదలోఁ బలుకుమాట యేదో, ఆ మాటనే కవి క్రీస్తు నెదుటఁ బలికెను. ఇది పాతవస్త్రమును గొత్తవిగ్రహమునకుఁ గట్టుట కాదు. ప్రాణభయమున మనుష్యునకు వచ్చు భాష తల్లిభాషయే. సత్యముగాఁ బిలుచువానికి వేఱుభాష దొరకదు. పూర్వపరిభాషను విడిచి, యనువాదమునుండి నేర్చిన పదములనే కవి కూర్చియుండినచో, అప్పుడే యతని మాట పెదవులదేమో యని శంకింపవలసియుండెడిది.

నాథశబ్దమును జూతము. జగన్నాథుఁడు, కూర్మనాథుఁడు వెలసిన ప్రాంతములకు నడుమఁ బెరిగినవాని చెవి కీ శబ్దము చిన్ననాఁటిది. ధాతుపాఠమున నాథృధాతువునకు యాచ్ఞ, ఉపతాపము, ఐశ్వర్యము, ఆశీస్సు అని యర్థములు చెప్పఁబడినవి. అడుగుటయు, ఏలుటయు నొకే ధాతువున నిమిడియున్నవి. క్రీస్తును నాథుఁ డనుటలో వానిపాలిటి యేలిక యనుట స్పష్టము. అట్లు పిలుచుటచేఁ దాను యాచకుఁడనుట యర్థసిద్ధము. అందుకనే పల్లవిలో 'దేహి' యను మాట వచ్చుచున్నది. ఇది దాధాతువునకు లోణ్మధ్యమపురుషరూపమై 'ఇమ్ము' అను నర్థమిచ్చును. దేహిన్‌శబ్దముయొక్క రూపముగాఁ గూడ వినఁబడి 'శరీరము గలవాఁడు' అను నర్థమును స్ఫురింపఁజేయును. ప్రకరణముచే మొదటియర్థమే ముఖ్యము. రెండవది కవి యుద్దేశించెనో లేదో నిర్ణయింపఁ బనిలేదు. కాని శరీరియైనవాఁడెల్ల యాచకుఁడే యను తత్త్వము శ్రోతకు నిలుచుచున్నది. ఇందు గమనింపవలసినది యొకటి. పాడువాఁడు తన బ్రాహ్మణ్యమును జెప్పుకొనలేదు, విడిచిన బంధువులను లెక్కపెట్టలేదు, తన విశ్వాసమునుగూడఁ బుణ్యముగాఁ జూపలేదు. రిక్తహస్తములతో వచ్చెను. పైఁ జెప్పిన త్యాగగర్వ మిందులేదు. మొదటి పూర్వపక్షమునకుఁ గూడ సరియైన సమాధాన మిదియే.

చౌదరి మొదలగువారి కీర్తనములలోని భక్తితత్త్వమునుగూర్చి ఆర్. ఆర్. సుందరరావుగారు 1983లోఁ బ్రకటించిన గ్రంథమునఁ దెనుఁగు కీర్తనసంపుటమును భక్తిసంప్రదాయదృష్టితోఁ బరిశీలించిరి. సంప్రదాయసంబంధ మున్నదనుట యందుచేత సిద్ధము. ఇఁక సంబంధమున్నంతమాత్రమున నది సత్యమో యనుకరణమో తెలియునా యనునది మిగిలిన ప్రశ్న.

భావము మిక్కుటముగా నుండుటయే సత్యమునకు గుఱుతని లోకము తలంచును. ఆలంకారికు లట్లు తలంపలేదు. స్థాయి వేఱు, సంచారి వేఱు, అనుభావము వేఱు. అశ్రువులు, గద్గదస్వరము, పులకలు సాత్త్వికభావములు; అవి స్థాయియున్నచో దానిని వ్యంజింపఁజేయును, స్థాయిలేనిచో వచ్చిపోవును. విజయనగరమువారి కిది యనుభవసిద్ధము. ఆదిభట్ట నారాయణదాసుగారు కాలికి గజ్జెలుకట్టి హరికథ చెప్పిన పట్టణమది. మంచి హరిదాసు కరుణఘట్టమును జెప్పునపుడు సభయెల్లఁ గన్నీరు విడుచును. మంగళహారతి తరువాత ఋణదాత ఋణగ్రస్తుని గుమ్మముకడకు యథాప్రకారము వెళ్లును. కన్నీరు అబద్ధము కాదు, అది సంచారి. దానిని స్థాయి యనుకొనుటయే భ్రమ.

ఈ భ్రమకు వైష్ణవాచార్యులు పేరునుగూడ నిడిరి. పదునాఱవశతాబ్దమున రూపగోస్వామి భక్తిరసామృతసింధువున రత్యాభాసము నిరూపించి, అది ప్రతిబింబమనియు, ఛాయయనియు ద్వివిధ మని చెప్పెను. నిజభక్తుల సన్నిధిని గీర్తనాదులు వినినవానికిఁ, దానుగాఁ గోరునది భోగమో మోక్షమో యైనను, అశ్రుపులకాదులు గలుగవచ్చును. అది యితరుల హృదయచంద్రుఁడు వీని హృదయమునఁ బ్రతిఫలించుట. హేతువువలెఁ దోఁచి హేతువు కానిది హేత్వాభాసమైనట్లు, భక్తివలెఁ దోఁచి భక్తి కానిది భక్త్యాభాసము. గీతయందును గర్మేంద్రియముల నడఁచి మనస్సున విషయములనే తలపోయువాఁడు మిథ్యాచారుఁ డనఁబడెను.

పశ్చిమదేశమునను విచార మీ దారినే నడచినది. బనియను 1678లోఁ బ్రకటించిన యాత్రికుని ప్రయాణమున వాచాలుఁ డొకఁడు కలఁడు. దేవునిగూర్చి యే ప్రసంగము గావలెనన్నను జేయును. ఇంటిలో మాత్రము దాని వాసన యుండదు. అమెరికాలో జోనాతాను ఎడ్వర్డ్సు 1746లో ధర్మభావములనుగూర్చి రచించిన గ్రంథమున, భావోద్రేకము, శరీరవికారములు, ధారాళమైన ప్రసంగము, వేదవాక్యములు తమంతఁ దాము స్ఫురించుట — ఇవి యేవియు నిజభక్తికిఁ గాని, తదభావమునకుఁ గాని నిశ్చయలింగములు కావని వాదించెను. పిదపఁ బండ్రెండు గుఱుతులఁ జెప్పి, యాచరణమును గడపటిదిగాను, ముఖ్యమైనదిగాను నిల్పెను. ఈ గుఱుతులు పరులకుఁ దీర్పు తీర్చుటకుఁ జాలవనియు నతఁడు హెచ్చరించెను. రూపగోస్వామికి నెడ్వర్డ్సునకు దేశమతకాలములచే సంబంధములేదు. ఇరువురును గన్నీటిని బ్రమాణముగా నంగీకరింపకపోవుట గమనార్హము.

ఇది క్రైస్తవుల కొక్కరికే పట్టిన దోషము కాదు. 1892లో విజయనగరమునఁ బ్రదర్శితమై, 1897లో నచ్చుపడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశము సంస్కారపుమాటలు చెప్పుటలో నద్వితీయుఁడు. వితంతువివాహముపై నుపన్యాసము నతఁడు నిరర్గళముగాఁ జేయును. ఆ మాట లతనికి లాభసాధనములు. నోటిమాట యెంత నిర్దుష్టమైనను, అది వక్తకు వ్యయమగునా, యాయమగునా యని యడుగవలెను. ఆ ప్రశ్నయే కీర్తనమునకును వర్తించును.

ఆ దృష్టితోఁ జూచినపుడు, చౌదరి కీర్తనములందు, నిజమునకు నాత్మనివేదనకీర్తనజాతియందే, యొక లోపము కనఁబడును. పాడువాఁడు తాను పాపినని యొప్పుకొనును. ఏ పాపమో చెప్పఁడు. 'నేను పాపిని' అనుట సామాన్యవచనము. సభ యంతయు నొక్కస్వరమునఁ బలుకఁగా నందొకఁడు సిగ్గుపడవలసిన పని లేదు. 'ఫలానావానిని బంక్తినుండి లేపితిని' అనుట విశేషవచనము. దానికి సిగ్గు కావలెను. సామాన్యమున నొప్పుకొని విశేషమున నొప్పుకొనకుండుట మనుష్యస్వభావము. ఉత్తమపురుషైకవచనమున రచింపఁబడిన కీర్తనమును నూర్గురు పాడునపుడు, ఆ 'నేను' ఎవరిదియుఁ గాకుండఁ బోవుటకు వీలున్నది. కవి యార్తితోఁ బలికినది, అతని మనుమల తరమునకు రాగముగా మాత్రము మిగులవచ్చును. అపత్యార్థక్రైస్తవత్వ మిట్లే యేర్పడును.

ఈ లోపమును బూరించునది యాకవియొక్క వేఱొక రచన. దాని పేరు కులాచారపరీక్ష. పరి యనఁగా నంతటను, ఈక్ష యనఁగాఁ జూచుట. పరీక్ష యనఁగా నన్నివైపులఁ జూచుట. మతవాదగ్రంథములలో నీ మాట పరులవైపు త్రిప్పఁబడుట వాడుక: నీ యాచారము పరీక్షకు నిలుచునా యని యడుగుట. అంతవఱకైనచో నది కలహము. కాని కులాచారమను విషయము పరులవద్ద నాఁగదు. బోధకుఁడు బాప్తిస్మమునకు ముందున్నవారి కులాచారమును బరీక్షించినచో, బాప్తిస్మమునకుఁ దరువాతివారి కులాచారమును గూడఁ బరీక్షింపవలసియుండును. దేవాలయమున నెవరు ముందు కూర్చుండిరి, ఎవరు వెనుక నిలిచిరి? ప్రభుభోజనమున నొకే పాత్ర యందఱి పెదవులకు వచ్చునా? సంబంధము వెదకునపుడు సువార్త ముందా, కులము ముందా? ఆంధ్రదేశపు సంఘములలోఁ గులభేదము మాయలేదనుట యెల్లరు నెఱిఁగినదే. సామాన్యముగాఁ జేసిన పాపాంగీకారమున కిచ్చట విశేషరూపము వచ్చును.

చౌదరి బాప్తిస్మము పొందిన 1833వ సంవత్సరముననే, కలకత్తా బిషపు డానియేలు విల్సను దక్షిణదేశసంఘములలోఁ గులభేదమును వెంటనే, పూర్తిగా విడువవలయునని యాజ్ఞాపత్రమును బంపెను. తంజావూరు మొదలగు తావులందుఁ బలువురు దానికి లోఁబడక సంఘమునే విడిచిరి. తంజావూరి వేదనాయకశాస్త్రి (1774–1864) అఱవమున మహాకవి. క్రైస్తవకీర్తనములకును బ్రబంధములకును బ్రసిద్ధుఁడు. ఆయన 1829లోనే కులభేదనిర్మూలనము నాక్షేపించి గ్రంథము వ్రాసెను. ఆయన భక్తి కపట మని చెప్పుట సాహసము. ఆయన వాదమునకుఁ దన కారణములును గలవు, పూర్వబోధకుల యనుమతియు నందొకటి. కాని కీర్తనమెంత రమ్యమైనను అది యీ విషయమునఁ బ్రమాణము కాఁజాలదని యీ యుదాహరణమువలన స్పష్టమగుచున్నది. కంఠమునకుఁ గష్టము గాని పరీక్ష పంక్తియందుఁ గష్టమగును.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. విశ్వాసము హృదయధర్మము, దానిని బంక్తిభోజనముతోఁ గొలుచుట క్రియచే ముక్తి యను మతమును దిరుగ దెచ్చుట కాదా యని. ఇందుకు శబ్దార్థమే సమాధాన మిచ్చును. ప్రాణనార్థకమైన శ్వసధాతువు వి-పూర్వమై, ఘఞ్‌ప్రత్యయము చేరఁగా విశ్వాసశబ్ద మేర్పడినది. నిశ్శంకముగా నూపిరి పీల్చుకొనుట దాని మూలభావము. ఎవని యెదుట భయము తీఱి యూపిరి తిరుగునో, వానియందు విశ్వాసము. ఊపిరి ప్రాణమునకుఁ గారణము కాదు, లక్షణము. అయినను ఊపిరి లేదన్నచోఁ బ్రాణమున్నదని యెవఁడును జెప్పఁడు. యాకోబు పత్రికలో క్రియలులేని విశ్వాసము మృత మని చెప్పుటయు నీ యర్థముననే. క్రియ విశ్వాసమును గొనిపెట్టదు, ఉన్నదని తెలుపును. క్రీస్తు పాదములే తన దిక్కని నిజముగా నమ్మినవాఁడు కులగౌరవము నింకొక దిక్కుగాఁ బట్టుకొనియుండఁడు. పట్టుకొనియున్నచో నూపిరి యింకను రెండుచోట్ల నున్నది. విత్తువానియుపమానమున రాతినేలఁ బడిన విత్తనము మొలవకపోలేదు. ఇతరములకంటె ముందుగనే మొలచెను. వేరు లేకపోవుట యెండ కాయువఱకును దెలియలేదు. మన మండలమున నా యెండ పేరు కులము.

కావునఁ గవియొక్క రెండు రచనలను జేర్చి చదువవలెను. కీర్తనములేని పరీక్ష పరదూషణమగును. పరీక్షలేని కీర్తనము భక్త్యాభాసమగును. కీర్తనమునఁ గవి తన్ను యాచకునిఁగా నిలుపుకొనెను గాన, కులాచారమును బరీక్షించు నధికార మతనికిఁ గలిగినది. ఆ పరీక్షను గ్రంథమున నొప్పుకొనెను గాన, కీర్తనమందలి యతని యాచన రాగమాత్రముగాఁ బోక నిలిచినది. పురుషోత్తమ చౌదరి యంతరంగము దేవునికే తెలియును. విమర్శ దానిఁ జొరరాదు. విమర్శకు సాధ్యమైనది, అతని రచన యసత్యమున కెంత తావిచ్చునో, ఎచ్చట నా తావును మూసివేయునో చూపుట మాత్రమే.

తుద కారంభమున నెత్తిన శబ్దమునకే రావలెను. క్రైస్తవశబ్దమునకు రూప మొకటి, అర్థము లనేకములు. నానార్థశబ్దమున కర్థనిర్ణయ మెట్లని భర్తృహరి వాక్యపదీయమున విచారించి, సంసర్గము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము మొదలగు హేతువులఁ జెప్పెను. రామలక్ష్మణు లన్నచో సాహచర్యముచే రాముఁడు దాశరథియని తెలియును. రామార్జును లన్నచో విరోధముచే భార్గవుఁడని తెలియును. పదము తన యర్థమును దాను ప్రకటించుకొనలేదు. ప్రక్కనున్న పదము దానిని బ్రకటించును. క్రైస్తవుఁడను పదమునకును న్యాయ మిదియే. అది యపత్యార్థమున వచ్చినదా, భక్త్యర్థమున వచ్చినదా యనుట, పంక్తిలో నతనిప్రక్కఁ గూర్చుండిన వాఁ డెవఁడో చూచినఁ దెలియును.